దారి తెలిసినవారు

కేరళలోని పెరియార్ అడవులలో ‘వయణ’ అని పిలిచే అడవి దాల్చిన పెరుగుతుంది. దాల్చినచెక్కకు బదులుగా దాని బెరడు అంగళ్లలో చెల్లుతుంది. బెరడంతా ఒలిచిన చెట్టు ఇక బ్రతకదు. తమిళనాడు సరిహద్దు గ్రామాలవారు కొందరు అడవిలో రోజుల తరబడి రహస్యంగా మకాం వేసి, బెరడు ఒలిచి ఎండబెట్టి, మూటలు నెత్తిన మోసుకొని కొండ దిగేవారు. లాభం దళారికి, భయం వీరికి. పట్టుబడితే కేసు, కేసుకోసం అప్పు, అప్పు తీర్చడానికి మళ్లీ అడవి.

పెరియార్ 1978లోనే పులుల సంరక్షణ కేంద్రమైనది. కాపలా పెరిగినా దొంగతనం ఆగలేదు. 1996లో ప్రపంచ బ్యాంకు సహాయంతో దేశంలోని ఏడు అరణ్యాలలో ఒక పథకం ప్రారంభమైనది. వాటిలో పెరియార్ ఒకటి. ఇంగ్లీషులో దాని పేరు ‘ఎకో డెవలప్‌మెంట్’. ఈ మాటకు తెలుగు చేయబూనితే ‘పర్యావరణాభివృద్ధి’ అనే కొయ్యబొమ్మ వంటి సమాసం తయారవుతుంది. పెరియార్‌లో దాని అర్థం చాలా సులువు: దొంగను కాపలాదారుగా నియమించుట.

బెరడు ఒలిచేవారిలో ఇరవైమందికి పైగా అటవీశాఖకు లొంగిపోయారు. ఆయుధాలు అప్పగించి, దొంగదారులన్నీ చూపారు. ప్రతిగా వారిపై ఉన్న కేసులను వదలుకొనడానికి ప్రభుత్వం సమ్మతించింది. 1998లో ‘టైగర్ ట్రెయిల్’ అనే పాదయాత్ర మొదలైనది. కొద్దిమంది యాత్రికులను, సాయుధుడైన వనరక్షకుని తోడుతో, వీరు అడవి లోపలికి తీసుకొనిపోతారు. గుడారాలు వేస్తారు, వంట చేస్తారు, ఏనుగులు రాకుండా రాత్రి మేలుకొంటారు. రాబడిలో వారికి వేతనం, సంఘానికి నిధి. దారి పొడవునా వారి కన్ను ఇతర దొంగల జాడలపైనే ఉంటుంది. ఎక్కడ పొగ లేచినదో, ఏ కొమ్మ విరిగినదో వారికంటె బాగా ఎవరికి తెలుసును?

ప్రభుత్వ కాగితాలలో ఇట్టివారిని ‘లబ్ధిదారులు’ అంటారు. నాకీ మాట నచ్చదు. వారు పుచ్చుకొన్నది దానం కాదు. తమ విద్యను అమ్ముకొన్నారు.

అదే అడవి అంచున 2002 నుండి ‘వసంతసేన’ అనే మహిళాబృందం వేతనం లేకుండా గస్తీ తిరుగుతున్నది. వారి పట్టుదల మెచ్చదగినదే. అయినా మగవారి గస్తీకి కూలి, ఆడవారి గస్తీకి ప్రశంస అన్న లెక్క నాకు మింగుడు పడదు.

పథకం 2004లో ముగిసినది. సందర్శకులు చెల్లించే అదనపు రుసుముతో పని సాగించడానికి పెరియార్ ఫౌండేషన్ ఏర్పడినది. అంటే అంతా సందర్శకుల రాకపైనే ఆధారపడినదన్నమాట. 2009 సెప్టెంబరు 30న తేక్కడి సరస్సులో పడవ మునిగి 45 మంది మరణించారు. 2020లో కరోనా మూలంగా అడవి ద్వారాలే మూతపడ్డాయి. యాత్రికుడు రాని నెలలో కాపలాదారు ఇల్లెట్లా గడవాలన్నది ఈ పథకాన్ని మెచ్చుకొనేవారు తప్పించుకొనే ప్రశ్న.

మరొకటి ఉన్నది. 1998లో ముప్పయ్యేళ్లవాడు నేడు అరవైకి చేరువ. వాని కాళ్లు ఇకపై ఎన్ని కొండలెక్కగలవు? వాని స్థానంలోకి వచ్చే యువకుడు అడవిలో దొంగగా తిరిగి ఎరుగడు. దొంగతనం నేర్పిన దారులను జీతగాడికి ఎవరు, ఎన్నేళ్లలో నేర్పుతారో అటవీశాఖ ఇప్పుడే ఆలోచించవలసి ఉన్నది.