వినేది యంత్రం.. బాధ్యత డాక్టరుదే!

డిశ్చార్జి సమ్మరీని ఎప్పుడైనా పూర్తిగా చదివారా? కొన్ని ఆసుపత్రుల్లో ఇప్పుడు దాన్ని ఎవరూ టైపు చేయటం లేదు. డాక్టరు మైకులో చెబుతుంటే ఆ మాటలు నెట్‌వర్క్ ద్వారా సర్వర్‌కు చేరి, క్షణాల్లో అక్షరాలవుతున్నాయి. తీరిక లేని డాక్టర్లకు ఇది మేలే, కాదనలేం.

కానీ సాఫ్ట్‌వేర్ పొరపాటుగా వింటే? ఇంగ్లిష్‌లో ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. 15 మిల్లీగ్రాముల మందు 50 అయిపోవచ్చు. ‘హైపో’ కాస్తా ‘హైపర్’ అయితే తక్కువన్నది ఎక్కువవుతుంది. ‘నో ఎలర్జీ’లో ‘నో’ జారిపోతే అర్థమే తలకిందులు. వీటిని స్పెల్‌చెక్ పట్టుకోలేదు. స్పెల్లింగు సరిగ్గానే ఉంటుంది మరి!

అందుకే ఆసుపత్రులు రెండు నియమాలు కచ్చితంగా పాటించాలి. ప్రతి డాక్టరూ సొంత లాగిన్‌తోనే డిక్టేట్ చేయాలి. ఒకరి లాగిన్ మరొకరు వాడితే తప్పు ఎక్కడ జరిగిందో తేలదు. రెండోది, చదవకుండా సంతకం చేయకూడదు.

మీరూ ఇంటికి బయల్దేరేముందు పేరు, వయసు, మందు, మోతాదు, ఎలర్జీలు, సమస్య కుడివైపో ఎడమవైపో సరిచూసుకోండి. తేడా కనిపిస్తే మొహమాటపడకుండా అడిగి, సరిచేయించుకోండి. బిల్లులో ప్రతి రూపాయీ లెక్క చూసుకునే మనం, ఈ కాగితానికి ఐదు నిమిషాలు ఇవ్వలేమా?