నిప్పు మిగిల్చిన గాజు

మట్టితో, నిప్పుతో పనిచేసే కళాకారులకే ఈ సంచిక. ముఖపత్ర కథనం ఇటలీకి చెందిన ఆండ్రియా ట్రిమార్కి, సిమోన్ ఫర్రెసిన్‌ల గురించి. ‘ఫోర్మాఫాంటాస్మా’ పేరుతో పనిచేసే ఈ జంట సిసిలీలోని ఎట్నా అగ్నిపర్వతం లావాను కొలిమిలో కరిగించి, గాజులా ఊదించి 2014లో పాత్రలు చేయించింది.

లావా నిదానంగా చల్లారితే స్ఫటికాలు కట్టి రాయవుతుంది. చటుక్కున చల్లారితే నల్లగా నిగనిగలాడే అబ్సిడియన్ గాజవుతుంది. 2019లో వీరు ఎట్నా బూడిదనే పింగాణీ పలకలకు పూతగా వాడారు. బూడిదలోని ఇనుము కొలిమి వేడికి గోధుమ, నలుపు ఛాయలు తేలుస్తుంది.

ఊళ్లను వణికించే కొండ బూడిదతో ఇంటి గోడకు అందం తేవడం సామాన్యమైన పని కాదు. పదార్థం గుణం తెలుసుకున్నాకే దాని మీద చెయ్యి వేసే ఆ ఓర్పు మాకు ఎంతో నచ్చింది. చదివి, మీ అభిప్రాయం తప్పక రాయండి.

— సంపాదకుడు