పులి లేచేదెప్పుడు?

ఆదివారం. పొద్దున పదిన్నర. హైదరాబాద్‌ బహదూర్‌పురాలోని నెహ్రూ జూ పార్కు ముందు టికెట్ల క్యూ రోడ్డెక్కేసింది. ఆ క్యూలో ఓ కుటుంబం. అచ్చంపేట వైపు పల్లె నుంచి తెల్లారకముందే బస్సెక్కి ఇమ్లీబన్‌లో దిగి, అక్కణ్నుంచి ఆటోలో వచ్చారు. నాయినమ్మ, కొడుకు, కోడలు, ఆరో తరగతి మనవరాలు, రెండో తరగతి మనవడు. కోడలి చేతిసంచిలో పులిహోర డబ్బా. పులిని చూడ్డానికి బయల్దేరేవాళ్లకి పులిహోర తప్పదేమో!

బుడ్డోడికి ఒకటే ధ్యాస. పులి. గేటు దాటిన దగ్గర్నుంచీ తండ్రి వేలు పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. దారిలో జింకలు తలెత్తి చూశాయి. వాడు చూడలేదు. నీటిగుర్రం కొలను దగ్గర అక్క ఆగింది. నీళ్లు తప్ప ఏమీ కనబడకపోయేసరికి ‘ఏం లేదక్కడ, నడువ్‌’ అని తీర్పు చెప్పేశాడు. నిజానికి అక్కడ ఐదు నిమిషాలు నిలబడి ఉంటే చాలు. నీటిగుర్రం ఎంతసేపు మునిగినా నాలుగైదు నిమిషాలకోసారి ఊపిరి కోసం పైకి రావాల్సిందే. ముందు రెండు ముక్కుపుటాలు, తర్వాత రెండు చెవులు, ఆ తర్వాత బండరాయి లాంటి తల. కానీ జూలో ఐదు నిమిషాలు ఒక్కచోట నిలబడేవాళ్లు ఎందరు?

పులి ఆవరణ దగ్గర నాలుగు వరసల జనం. తండ్రి వాణ్ని భుజాలమీదికి ఎక్కించుకున్నాడు. కందకం అవతల చెట్టునీడలో... పసుపూ నలుపూ చారల మూట ఒకటి. కదలదు, మెదలదు.

‘నాయినమ్మా, పులి లేస్తలేదు!’

‘పండుకున్నది బిడ్డా. దాని నిద్ర దానిది.’

చుట్టూ ఈలలు, చప్పట్లు, ‘ఏయ్‌ లెవ్‌’ అంటూ కేకలు. ఓ కుర్రాడు గులకరాయి తీశాడు. కాపలా మనిషి విజిల్‌ వెయ్యడంతో చెయ్యి దించాడు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 38-జె అని ఓ సెక్షన్‌ ఉంది. జూలో జంతువుల్ని విసిగించినా, గాయపరిచినా, తిండి వేసినా, గోలచేసి కలవరపెట్టినా నేరమే. జరిమానాయే కాదు, జైలు శిక్ష కూడా ఉంది. ఆ సంగతి అక్కడున్న నాలుగు వరసల్లో ఎంతమందికి తెలుసో!

అసలు పులి ఆ వేళకి లేచి ఉండాలని కోరుకోవడమే అత్యాశ. రోజులో సగానికిపైగా నిద్రలోనే గడిపే జంతువు అది. అడవిలో అయినా సాయంత్రం చల్లబడ్డాకే కదులుతుంది. సింహమైతే మరీ. రోజుకు ఇరవై గంటలు పడుకోగలదు. మనదేశంలో చాలా జూలలో మాంసాహార జంతువులకు వారంలో ఒకరోజు పస్తు కూడా ఉంటుంది, అరుగుదల కోసం. ఇది విని నాయినమ్మ ముచ్చటపడింది. ‘గంతేనా? మన ఒక్కపొద్దు లెక్కనే!’

జూ తలుపులు తీసిన తొలి గంటలోనో, సాయంత్రం పూటో అయితే ఇవే జంతువులు అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తాయి. జనం మాత్రం పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య వస్తారు, అదీ ఆదివారం. సోమవారం జూకి సెలవు. మంగళవారం పొద్దున్నే వెళ్లగలిగినవాళ్లు అదృష్టవంతులు.

తెల్లపులి దగ్గర జనం ఇంకా ఎక్కువ. ఏ జూలోనైనా అంతే. కానీ అది వేరే జాతేం కాదు. మామూలు పులే. జన్యువుల్లో అరుదైన ఓ మార్పు వల్ల రంగు పోయింది. 1951లో రీవా అడవుల్లో పట్టుబడిన మోహన్‌ అనే పులి పిల్ల నుంచి మొదలైన సంతతే మన జూలలో కనిపించే చాలా తెల్లపులులు. దగ్గరి చుట్టాల మధ్యే జత కలుపుతూ పెంచడం వల్ల పుట్టుకతోనే లోపాలున్న పిల్లలూ కలిగాయి. అడవిలో దాని అవసరం ఏమీ లేదు. ఉన్నదంతా మన సరదా కోసమే. అయినా ఫొటోలన్నీ దానికే!

అక్కడి నుంచి సఫారి. 1974లో మొదలైన సింహాల సఫారి ఇది. జాలీ బిగించిన వ్యానులో జనం, బయట ఆరుబయట సింహాలు. ఎవరు బోనులో ఉన్నట్టో అర్థం కాని ఏర్పాటు. ‘గిప్పుడు మనల్ని చూడనీకె వాటికి టికెట్‌ వెట్టాలె’ అని నాయినమ్మ అంటే వ్యానంతా నవ్వింది. ఇవి ఆసియా సింహాలు. అడవిలో ఇవి బతుకుతున్నది భూమ్మీద ఒక్క గుజరాత్‌లోనే, గిర్‌ అడవుల్లో, వాటి చుట్టుపక్కల. 2025 లెక్కల్లో 891 తేలాయి. ఒక్కచోటే ఉన్నాయి కాబట్టి ఒక్క జబ్బు చాలు కొంప ముంచడానికి. ఆ భయం ఎలాంటిదో ఈ జూకి బాగా తెలుసు. 2021 మే నెలలో ఇక్కడి ఎనిమిది సింహాలకు కరోనా సోకినట్టు పరీక్షల్లో బయటపడింది. దేశంలో జంతువులకు వచ్చిన మొదటి కేసులు అవే. మనుషుల నుంచే వాటికి అంటుకుని ఉంటుందని అనుమానం. అదృష్టవశాత్తూ అన్నీ కోలుకున్నాయి. కంచె అంటే జంతువు నుంచి మనల్ని కాపాడేదనే అనుకుంటాం. ఆ ఏడాది మాత్రం వ్యవహారం తిరగబడింది.

మధ్యాహ్నం. చెట్టుకింద పులిహోర డబ్బా తెరుచుకుంది. పిల్లలు తింటుంటే నాయినమ్మ చుట్టూ చూస్తోంది, ఏదో వెతుకుతున్నట్టు.

‘గా పెద్ద తాబేలు యాడుందిరా? నా పెండ్లయిన కొత్తల మీ నాయిన నన్ను తోల్కొచ్చిండు. మంచమంత ఉండె.’

కొడుకు వెళ్లి అక్కడున్న ఉద్యోగిని అడిగొచ్చాడు. గాలపగోస్‌ దీవుల జాతికి చెందిన ఆ తాబేలు ఇక లేదు. 2024 మార్చిలో ముసలితనంతో చనిపోయింది. వయసు 125 ఏళ్లు ఉంటుందని అంచనా. జూ జనానికి తలుపులు తెరిచింది 1963 అక్టోబరులో. ఆ ఏటి నుంచే ఆ తాబేలు ఇక్కడ ఉంది. తాతలు చూశారు, పిల్లలు చూశారు, వాళ్ల పిల్లలూ చూశారు. మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లో ఇన్ని మార్పులు వచ్చినా అది మాత్రం అలాగే మెడ చాపి ఆకులు నముల్తూ ఉండేది. నాయినమ్మ కాసేపు ఏమీ అనలేదు. ‘మీ తాతకన్న దినాలు బతికింది పాపం’ అని లేచింది.

ఎవరూ పెద్దగా పట్టించుకోని చోటొకటి ఈ జూలో ఉంది. నిశాచర జంతువుల శాల. మనదేశంలో ఇలాంటి వాటికి దారి చూపింది ఇదే. 1980ల మొదట్లో కట్టారు. కిటుకు చిన్నదే. రాత్రంతా లోపల దీపాలు వెలిగిస్తారు. తెల్లారింది కాబోలనుకుని జంతువులు పడుకుంటాయి. పగలు మసక వెలుతురు మాత్రమే ఉంచుతారు. రాత్రయిందనుకుని లేచి తిరుగుతాయి. అంటే పగటిపూట వచ్చినవాడికి అడవిలో అర్ధరాత్రి ఎలా ఉంటుందో చూపించే ఏర్పాటన్నమాట. బయట పులిని లేపలేక గొంతు పోగొట్టుకున్న జనానికి, లోపల అన్నీ లేచే ఉన్నాయన్న సంగతి తెలీదు!

చిక్కల్లా మన కళ్లతోనే. ఎండలోంచి వచ్చి అడుగుపెట్టగానే అంతా చీకటి. కళ్లు అలవాటు పడటానికి కనీసం ఐదారు నిమిషాలు పడుతుంది. ఎక్కువమంది రెండో నిమిషానికే ‘ఏమీ లేదిక్కడ’ అంటూ అవతలి తలుపులోంచి బయటపడతారు. కొందరు సెల్‌ఫోన్‌ లైటు వేస్తారు. ఆ దెబ్బకి జంతువు చెట్టుతొర్రలోకి, మన చూపు మళ్లీ మొదటికి.

బుడ్డోడూ బయటికి పోదామనే అన్నాడు. నాయినమ్మ మాత్రం గోడ పక్కన నిలబడిపోయింది. మోకాళ్లు నొస్తున్నాయట. కాసేపు ఆగుదామంది. ఆవిడ మోకాళ్లకి దండం పెట్టాలి. మూడు నిమిషాలకి అద్దం వెనకాల కొమ్మ కనబడింది. ఇంకో రెండు నిమిషాలకి ఆ కొమ్మమీద పిడికెడంత జంతువు. తోక లేదు. పుల్లల్లాంటి సన్నటి కాళ్లూ చేతులూ. మొహంలో సగం కళ్లే. ఒక చెయ్యి ముందుకు చాపింది. ఆగింది. మెల్లగా ఇంకో చెయ్యి. నెమ్మదిగా తీసిన సినిమాలా ఉంది దాని నడక.

‘అక్కా.. అది మనల్నే చూస్తుంది’ అన్నాడు వాడు, గుసగుసగా. పొద్దుట్నుంచీ వాడు గొంతు తగ్గించింది అదే మొదటిసారి.

దేవాంగపిల్లి అది. పేరులో పిల్లి ఉంది గానీ చుట్టరికం కోతులతో. దక్షిణ భారతంలో, శ్రీలంకలో మాత్రమే ఉంటుంది. పురుగుల్ని పట్టి తినే ఈ ప్రాణి పొలాలకి మేలే చేస్తుంది. కానీ దాని కళ్లు మందుకీ మంత్రాలకీ పనికొస్తాయన్న పిచ్చి నమ్మకంతో వేటాడేవాళ్లు ఇంకా ఉన్నారు. పునుగుపిల్లి కూడా ఇలా రాత్రిపూట తిరిగేదే. తిరుమల వెంకన్న అభిషేకానికి వాడే పునుగు తైలం దీన్నుంచి వచ్చేదే అంటే ‘ఔనా!’ అని దగ్గరికెళ్లి చూసేవాళ్లే ఎక్కువ.

ఆ కుటుంబం అక్కడ పావుగంట ఉంది. పులి దగ్గర ఉన్నది పది నిమిషాలు.

బయటికొచ్చాక మనవరాలు ఓ ప్రశ్న అడిగింది. ‘మన నల్లమల అడవిలో ఉండేవి కూడా ఉన్నాయా ఇక్కడ?’

ఉన్నాయి. కాకపోతే వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన దాన్ని పెంచే చోటు జనం తిరిగే దారిలో లేదు. కావాలనే దూరంగా పెట్టారు. మూషిక జింక. మన దేశంలోని గిట్టల జంతువుల్లో ఇంతకన్నా చిన్నది లేదు. పెద్ద కుందేలంత ఉంటుంది. బరువు మూడు నాలుగు కిలోలు దాటదు. కొమ్ములుండవు. మగవాటికి చిన్న కోరలుంటాయి. పేరుకే జింక, అసలైన జింకల కుటుంబం కాదు. ఆకురాలే అడవుల్లో నేలమీద పడ్డ పండ్లు తింటూ, అలికిడైతే పొదల్లో దూరిపోతుంది. కుక్కలు, ఉచ్చులు, అడవి మంటలు కలిసి తెలుగునాట అడవుల్లో దీన్ని బాగా తగ్గించేశాయి.

2010లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్‌ శాస్త్రవేత్తలతో కలిసి ఈ జూలో వీటిని పెంచడం మొదలుపెట్టారు. గుప్పెడు జంతువులతో మొదలైంది. బెదురుగొడ్డు కదా, అలికిడి తగిలితే అదిరిపోతుంది. అందుకే జనానికి దూరంగా ఉంచారు. ఈ పెంపకంలోనే ఓ విచిత్రం గమనించారు. ఆడది ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ ఎద కడుతుంది. సుమారు ఐదు నెలలకి మళ్లీ పిల్ల. ఏడాది తిరిగేసరికి రెండు కాన్పులు. అలా మంద పెరిగింది. 2017లో కొన్నింటిని అమ్రాబాద్‌ పులుల అభయారణ్యానికి తీసుకెళ్లారు. నేరుగా వదిలెయ్యకుండా ముందు కంచె వేసిన చోట ఉంచి, అడవి తిండికీ వాసనలకీ అలవాటు పడ్డాక బయటికి పంపే పద్ధతి పాటించారు. ఆ తర్వాత కూడా విడతలవారీగా పంపుతూ వచ్చారు.

జూలో పుట్టిన జంతువు జూలోనే చావాలన్న రాత మారడం తేలిక కాదు. సింహానికీ, ఏనుక్కీ దాదాపు జరగని పని అది. టికెట్టు కొన్న ఎవరికీ కనబడని ఓ చిన్న ప్రాణికి జరిగింది. తెల్లపులి దగ్గర ఆగే జనంలో పదోవంతు మంది అయినా ఈ సంగతి విని ఇంటికెళ్తే బాగుండును.

అమ్రాబాద్‌ పేరు వినగానే నాయినమ్మ ఆగింది. ‘మా అమ్మగారిల్లు గాడనే. గా చిన్న జింకను నేను ఒక్కపారి చూసిన. మోదుగాకు ఏరనీకె పోయినప్పుడు. కుందేలనుకున్న. నా అంతనే ఉంటవి నువ్వప్పుడు’ అని మనవరాలి భుజం తట్టింది. ‘మళ్ల ఎన్నడు కానరాలే. అయిపోయినయనుకున్నం.’

‘ఇప్పుడు పోతే కనబడ్తదా?’

‘ఏమో బిడ్డా. దానికి మనం కనబడ్తం.’

సాయంత్రం నాలుగున్నర. బ్యాటరీ బండి కోసం చూసి, రద్దీకి తాళలేక నడిచే గేటు వైపు బయల్దేరారు. దారి పులి ఆవరణ మీదుగానే. జనం పల్చబడ్డారు. కేకల్లేవు. చెట్టునీడ పక్కకి జరిగింది. ఆ నీడలో చారల మూట లేదు. కందకం అంచున నీళ్ల తొట్టి దగ్గర నిలబడి ఉంది పులి. నీళ్లు తాగింది. తలెత్తి ఇటు చూసింది. ఒళ్లు విరుచుకుని, ఆవరణ చుట్టూ నడవడం మొదలుపెట్టింది. నడుస్తుంటే భుజాల ఎముకలు చర్మం కింద కదలడం కూడా కనబడుతోంది. అక్క నోరు తెరిచి చూస్తోంది.

బుడ్డోడు తండ్రి భుజంమీద ఆదమరిచి నిద్రపోతున్నాడు. కోడలు వాడి వీపుమీద చెయ్యి వేసింది, లేపడానికి.

‘లేపకు’ అంది నాయినమ్మ. ‘వాని నిద్ర వానిది.’