పని నేర్చుకునే ఏడాది ఖర్చు ఎవరిది?

మేం డిగ్రీ చదివే రోజుల్లో చదువంటే నోట్సు, గైడు, మార్చిలో పరీక్షలు. అంతే. ఆఫీసు లోపల ఎలా ఉంటుందో ఉద్యోగం వస్తేగానీ చూసేవాళ్లం కాదు. మాలో చాలామందిమి అది కూడా చూడకుండానే పెళ్లిపీటల మీదికి వెళ్లిపోయాం.

ఇప్పటి పిల్లల సంగతి వేరు. మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీలో చేరిన విద్యార్థుల నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది పూర్తయ్యాక రెండు నెలలు ఊళ్లో సర్వేలు, సేవా కార్యక్రమాలు. రెండో ఏడాది తర్వాత మరో రెండు నెలలు ఏదైనా సంస్థలో పని. మూడో ఏడాదిలో ఒక సెమిస్టరు మొత్తం కంపెనీలోనో, ఆఫీసులోనో. అన్నీ కలిపితే మూడేళ్ల చదువులో దాదాపు ఒక ఏడాది పని నేర్చుకోవడానికే పోతుందన్నమాట.

ఆలోచన మంచిదే. పట్టా చేతికొచ్చాక కూడా బ్యాంకు చలానా నింపడానికి పక్కవాళ్లను అడిగే చదువులు మనం చూశాం కదా! కానీ ఆ ఏడాది తిండికీ, బసకూ, బస్సుకూ డబ్బు ఎవరు పెట్టుకోవాలి? దీని గురించి మాట్లాడేవాళ్లు కనబడరు. హైదరాబాదులోనో విజయవాడలోనో సొంతింట్లో ఉండి కంపెనీకి వెళ్లి వచ్చే పిల్లకు ఇది పెద్ద సమస్య కాకపోవచ్చు. మా అనంతపురంలో ఇదే మొదటి ప్రశ్న.

ఇక్కడ ఏడాది మొత్తం కలిపినా వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది కూడా వేరుశనగ ఊడలు దిగే సమయానికి పడితేనే పంట. లేకపోతే చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, పీకితే కాయ ఉండదు. ఇక కంపెనీలంటారా? 2017లో పెనుకొండ దగ్గర కియా కార్ల కంపెనీకి ఒప్పందం జరిగింది. 2019లో కార్లు బయటికి రావడం మొదలైంది. చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలూ వచ్చాయి. 2022లో జిల్లాను విడదీశాక పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లిందిగానీ, మా పిల్లలకు అదే దగ్గరి ఆశ. అయినా కల్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ నుంచి వచ్చి బీఏ, బీకాం, బీఎస్సీ చదివే పిల్లలందరికీ అక్కడ చోటు ఎలా దొరుకుతుంది? మిగిలింది బెంగళూరే.

బెంగళూరు మాకు కొత్త కాదు. కరువొచ్చిన ప్రతిసారీ మా పల్లెల ఆడవాళ్లు భవనాల పనికి వెళ్లింది ఆ ఊరికే. మా ఆడపడుచు కూడా పెళ్లయిన కొత్తలో రెండేళ్లు అక్కడ ఇటుకలు మోసింది. ఆమె కూతురు అనంతపురంలో హాస్టల్లో ఉండి బీకాం చదివింది. చివరి సెమిస్టరుకు బెంగళూరులో ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఇంటర్న్‌గా చోటు దొరికిందని చెప్పగానే, వాళ్ల అవ్వ అన్న మాట ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటాం. “మీయమ్మ మన్ను మోసేకి పాయ. నువ్వేం మోసేకి పోతాండావే?”

“ల్యాప్‌టాప్ మోసేకి పోతాండా అవ్వా” అని నవ్వింది పిల్ల.

నవ్వులు సరే, లెక్క చూద్దాం. ముగ్గురుండే గదిలో ఒక మంచానికి పీజీలో నెలకు 7,000 రూపాయలు. కంపెనీకి వెళ్లి రావడానికి బస్సు ఖర్చు 1,300. కర్ణాటకలో 2023 జూన్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమే. కానీ అది ఆ రాష్ట్రం వాళ్లకు. ఆధార్ కార్డులో అనంతపురం జిల్లా ఉంటే టికెట్ కొనాల్సిందే. ఫోను, సబ్బు, జ్వరమొస్తే మాత్ర కలిపి ఇంకో 700. మొత్తం 9,000. కంపెనీ ఇచ్చింది 5,000. 2024 డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అయిదు నెలలకు తక్కువపడింది 20,000. పీజీలో అడ్వాన్సు 5,000 అదనం. ఆ ఏడు శనక్కాయలు విత్తనాల ఖర్చుకే సరిపోయాయి. రెండు గేదెల పాల డబ్బు నెలనెలా బెంగళూరికి వెళ్లింది. చాలనప్పుడు ఆడపడుచు కమ్మలు కుదువకు వెళ్లాయి. కంపెనీకి మనిషిని పంపించి, ఆ మనిషి తిండి ఖర్చులో సగం దాకా ఆమె తల్లే భరించిందన్నమాట. ఈ మాట ఏ నివేదికలోనూ రాయరు.

మరి ఏం నేర్చుకుంది? మొదటి నెల ఏమీ లేదు. కంప్యూటరు ఇవ్వలేదు. జిరాక్సు మిషను పక్కన కుర్చీ వేశారు. కాగితాలకు రంధ్రాలు కొట్టి ఫైల్లో పెట్టడమే పని. పేరు పెట్టి పిలిచినవాళ్లే లేరు. “ఇంటర్న్, ఇటు రా” అనేవాళ్లట. రాత్రి ఫోను చేసి, “అత్తా, ఈ పనికి బీకాం ఎందుకు?” అని ఏడ్చేది. తిరిగి వచ్చేయమని నేను చెప్పలేదు. వచ్చేస్తే సెమిస్టరు పోతుంది, పట్టా ఆగుతుంది.

రెండో నెలలో అక్కడ సీనియర్ అకౌంటెంట్, ఒక కన్నడామె, పిల్లను తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకుంది. సరుకు అమ్మినవాళ్లు ఇచ్చిన బిల్లులు ఒక పక్క, జీఎస్టీ పోర్టల్లో కనిపించే లెక్క ఒక పక్క. అమ్మినవాడు బిల్లు ఎక్కించకపోతే కొన్న కంపెనీకి రావాల్సిన పన్ను మినహాయింపు ఆగిపోతుంది. ఒక్కో బిల్లూ సరిచూసి, తేడా పట్టుకుని, అవతలివాళ్లకు మర్యాదగా మెయిల్ రాయాలి, ఫోను చేసి అడగాలి. మూడేళ్లు పుస్తకంలో చదివిన డెబిట్, క్రెడిట్ అప్పుడు అర్థమయ్యాయంది. రెండుసార్లు ఎక్కిన ఒక బిల్లును తానే పట్టుకుందట. ఎంత మొత్తానికని అడిగితే, “అది కంపెనీ విషయం అత్తా, బయట చెప్పకూడదు” అంది. ఆ మాట విన్నాక నాకు ధైర్యం వచ్చింది. ఈ పిల్ల ఇక పనిమనిషి కింద లెక్క కాదు, పని తెలిసిన మనిషి.

అయితే ఇది ఆ కన్నడామె మంచితనం వల్ల జరిగింది. ఆమె సెలవులో ఉండుంటే అయిదు నెలలూ జిరాక్సు మిషను పక్కనే గడిచిపోయేవి. చదువులో భాగమని చెప్పి పంపిన పనిని నేర్పడం ఒక మనిషి దయ మీద ఎలా వదిలేస్తాం?

చివర్లో ఇంకో తిరకాసు. గడువు ముగిసింది, సర్టిఫికెట్ ఇవ్వమంటే, ఆడిట్ పని ఉంది, ఇంకో పదిహేను రోజులు ఉండి వెళ్లమన్నారు. ఆ పదిహేను రోజులకు పైసా లేదు. కాలేజీలో కాగితం ఇవ్వాల్సిన తేదీ ముంచుకొస్తుంటే పిల్ల ఏం చేస్తుంది? ఉండిపోయింది. ఇక్కడేమో ఆమె క్లాసులోనే ఒకబ్బాయి ఇల్లు కదలకుండా, డబ్బు కట్టి సర్టిఫికెట్ తెప్పించుకున్నాడు. ఇద్దరి కాగితాలూ ఒకే ఫైల్లోకి వెళ్లాయి. ఆ అబ్బాయిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. వాళ్లింట్లో కుదువ పెట్టడానికి కమ్మలు కూడా లేవేమో!

చట్టం ఏమంటుందో కూడా కాస్త తెలుసుకోవాలి. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద ఒప్పందం రాసుకుని డిగ్రీవాళ్లను తీసుకుంటే, 2019లో సవరించిన నిబంధనల ప్రకారం నెలకు కనీసం 9,000 రూపాయలు ఇవ్వాలి. అందులో సగం దాకా కేంద్రం తిరిగి ఇచ్చే ఏర్పాటూ ఉంది. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో ఏడాది పాటు నెలకు 5,000, చేరేటప్పుడు ఒకసారి 6,000 అన్నారు. కానీ అది రెగ్యులర్‌గా కాలేజీలో చదువుతున్నవాళ్లకు కాదు. అంటే, డిగ్రీలో భాగంగా వెళ్లే పిల్లకు ఇంత ఇవ్వాలని ఈ రెండూ చెప్పవు. ఇస్తే దయ, ఇవ్వకపోతే అనుభవమే జీతం అంటారు. అనుభవాన్ని పీజీ ఓనరు అద్దె కింద తీసుకోడు కదా!

ఒక చట్టం మాత్రం వీళ్లను మరిచిపోలేదు. పని చేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టంలో ట్రైనీలు, అప్రెంటిస్‌లు కూడా ఉద్యోగుల లెక్కలోకే వస్తారు, జీతం ఉన్నా లేకపోయినా. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు స్త్రీయే అయి ఉండాలి. మూడు నెలల్లోగా ఫిర్యాదు రాసివ్వాలి. చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయిలో కమిటీ ఉంటుంది. మా పిల్లకు ఈ సంగతి కాలేజీలో ఎవరూ చెప్పలేదు, కంపెనీలోనూ చెప్పలేదు. అవసరం పడలేదు గనక సరిపోయింది. పంపే ముందు టై ఎలా కట్టుకోవాలి, చేయి ఎలా కలపాలి అని తరగతులు పెడతారుగానీ, ఈ అరగంట పాఠం పెట్టరు.

“అయితే ఆడపిల్లలను దూరం పంపకుండా ఊళ్లోనే ఏదో ఒకటి చేయించండి” అంటారు కొందరు పెద్దలు. నేను ఒప్పుకోను. ఊళ్లో ఎరువుల దుకాణంలో సంతకం పెట్టించుకొచ్చే ఇంటర్న్‌షిప్ ఆడపిల్లలకూ, బెంగళూరు కంపెనీలు మగపిల్లలకూ అని పంచితే, ఈ పథకం వచ్చి ఏం లాభం? 2025 ఆగస్టులో మన రాష్ట్రంలోనూ ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చింది. పెనుకొండ దాకా వెళ్లే పిల్లకు కొంత భారం తగ్గింది. బస్సు ఇవ్వగలిగినప్పుడు బస ఎందుకు ఇవ్వలేరు? అనంతపురం హాస్టల్లో ఆ అయిదు నెలలూ మా పిల్ల మంచం ఖాళీగా ఉంది. హాస్టల్లో ఆమెకయ్యే ఖర్చును ఆ సెమిస్టరుకు చేతికే ఇస్తే, తల్లి కమ్మలు చెవులకే ఉండేవి.

కాలేజీలు కూడా కంపెనీల పేర్లు గోడకు అంటించి ఊరుకోకూడదు. ఏ పని నేర్పుతారు, ఎవరు నేర్పుతారు, నెలకు ఎంత ఇస్తారు, ఏ తేదీకి సర్టిఫికెట్ ఇస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోవాలి. నెలకోసారి ఒక మేడమో, సారో వెళ్లి పిల్ల ఏ కుర్చీలో కూర్చుందో చూసి రావాలి. అలా చూసినప్పుడే డబ్బు పెట్టి కొన్న కాగితం కూడా బయటపడుతుంది.

పిల్ల ఇప్పుడు అనంతపురంలోనే ఒక ఆడిటరు గారి ఆఫీసులో చేరింది. నేర్చుకున్న పనే అక్కరకొచ్చింది. చెల్లెలు వచ్చే ఏడాది డిగ్రీకి వస్తుంది. వాళ్లమ్మ ఇప్పటినుంచే పాల డబ్బులో కొంత పక్కకు తీసి చీటీ కడుతోంది. ఎందుకని అడిగితే, “దాని ఇంటర్న్‌షిప్‌కు వదినా” అంది.