ఏ తుపాకి? ఏ తూటా?

పంటను పాడుచేయు మృగమును చంపక తప్పదని నిర్ణయమైన తరువాత, ఏ తుపాకితో అను ప్రశ్నను మన గ్రామములలో ఎవరును అడుగరు. లైసెన్సు గలవారిని పిలుతురు. వారి యింట ఏది యున్న అదియే తెత్తురు. ఇది సరికాదని నా అభిప్రాయము.

ఇంగ్లండులో దుప్పులు పైరులను, లేత చెట్లను తినివేయును. వాటిని కాల్చుటకు అచట చట్టము ఒప్పును గాని, ఏ రైఫిలైనను చాలునని ఒప్పదు. 1963 చట్టమే హద్దు పెట్టినది. 1991 చట్టములోను అది నిలిచినది. బోరు 0.240 అంగుళమునకు తగ్గరాదు. గొట్టము విడుచునపుడు తూటాకు 1,700 అడుగు-పౌండ్ల శక్తి ఉండవలెను. తూటా మెత్తని ముక్కుదియో, బోలు ముక్కుదియో కావలెను. మంట్‌జాక్ వంటి చిన్న జాతులకు మాత్రము 2007లో కొంత సడలించిరి.

బోరుతోపాటు శక్తిని ఏల చెప్పిరో గమనింపుడు. సామాన్యమైన 22 బోరు చిన్న రైఫిలు తూటాకు ఉండునది 100 నుండి 140 అడుగు-పౌండ్లు మాత్రమే. గురి నేర్చుకొనుటకు అది చాలును. దుప్పికి తగిలినచో అది పొదలలోనికి పోయి, పుండు కుళ్లి, దినముల తరబడి బాధపడి చచ్చును. గట్టి తొడుగు తూటా సన్నని రంధ్రము చేసి అవతలికి దూసుకొనిపోవును. మెత్తని ముక్కుదైనచో లోపల విచ్చుకొని గుండెను, ఊపిరితిత్తులను ఛిద్రము చేయును. గురి ముందుకాలి వెనుకనే ఉండవలెను. తుపాకి తన్నునని కన్నుమూసి కాల్చువానికి ఎంత పెద్ద బోరిచ్చినను వ్యర్థము.

మన దేశమున 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి దుప్పిని, కణుజును, కృష్ణజింకను రైతు తనంతట కాల్చరాదు. అడవిపందిని సైతము అంతే. పంట నష్టమును చూపి వ్రాతపూర్వకమైన అనుమతి పొందిననే కాల్చవచ్చును. ఆ పందికిని పై లెక్కయే వర్తించును. దాని భుజముపై తోలు మిక్కిలి దళసరి. 22 బోరును, నాటు తుపాకిని దగ్గరకు రానీయరాదు. 315 బోరు రైఫిలు, మెత్తని ముక్కు తూటా తగినవి. పన్నెండు బోరు గుండ్లు దూరము పెరిగిన కొలది చెదరి గాయపరచును గాని చంపవు. రైఫిలు తూటా మైలు దూరమైనను పోగలదు. కావున మంచె మీదినుండి క్రిందికి, వెనుక మట్టికట్ట ఉన్నప్పుడే కాల్చవలెను. కరెంటు తీగలు, నాటు బాంబులు పందినే గాక మనిషిని, ఎద్దును గూడ చంపుచున్నవి; వాటి మాట ఎత్తనే వలదు.

అనుమతి పత్రములో ఎన్ని పందులో వ్రాయుటతో ఆగక బోరును, తూటా రకమును, మించరాని దూరమును గూడ వ్రాయవలెను. గ్రామోద్యోగులు ఒకరి పేరు సిఫారసు చేయుటకు ముందు వారి తుపాకిని, తూటాలను స్వయముగా చూడవలెను. గాయపడిన పంది మొక్కజొన్న చేనిలో నక్కి యుండి, తెల్లవారి కలుపు తీయ వచ్చిన స్త్రీలపై పడును. అట్లు తప్పించుకొన్నచో ఆ రాత్రియే అటవీ సిబ్బందికి తెలుపుడు. వారు వెదకి చూచువరకు ఆ చేనిలోనికి కూలీలను పంపకుడు.