ట్రైబ్ అనే పద్దు

గీదంలో దారి చీలుతుంది. ఒకటి దంతెవాడ, సుక్మా, కుంట మీదుగా భద్రాచలం వస్తుంది. ఇంకొకటి బీజాపూర్, భోపాలపట్నం మీదుగా గోదావరి వైపు పోతుంది. ఏ దారిన వచ్చినా సరే, సరిహద్దు దాటిన మురియా మనిషికి ఒక వింత జరుగుతుంది. భాష మారదు, దేవుళ్ళు మారరు, పేదరికం అసలే మారదు. కాని అతను 'ట్రైబ్' కాకుండా పోతాడు! బాబాల మహిమల గుట్టు విప్పే మనం ఈ మహిమ జోలికి మాత్రం పోలేదు.

నేను రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినవాణ్ణి. అక్కడ ప్రతి ఖర్చుకూ ఒక పద్దు ఉండాలి. పద్దు మారిస్తే ఇనుము కర్ర అయిపోదు. ట్రైబ్ కూడా మొదట పద్దే. రోమన్లు తమ పౌరులను ఓటుకూ పన్నుకూ 35 విభాగాలుగా పంచుకున్నారు, ఆ విభాగం పేరు 'ట్రైబస్'. అడవికీ దానికీ సంబంధం లేదు.

మన దేశంలో అదే జనం జనాభా లెక్కల్లో 1891లో అటవీ తెగలు, 1901లో మతం గడిలో ఆనిమిస్టులు, 1931లో ఆదిమ తెగలు. 1935 చట్టానికి వెనుకబడిన తెగలు, 1950 నుంచి షెడ్యూల్డ్ ట్రైబులు. 1965లో లోకూర్ కమిటీ ఐదు గుర్తులు చెప్పింది: ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, దూరంగా బతకడం, బయటివారితో కలవడానికి బిడియం, వెనుకబాటు. బిడియాన్ని ఏ కొలమానంతో కొలిచారో! కలెక్టరాఫీసు గుమ్మంలో బెదురుతూ నిలబడ్డ ప్రతివాడూ ఆ లెక్కన ట్రైబే. (మన 'గిరిజనుడు' ఏమంత మెరుగు? గోదావరి ఒడ్డున పల్లంలో వరి పండించే కోయవాళ్ళనూ గిరిజనులే అంటున్నాం. వాళ్ళు తమను కోయతూర్ అనుకుంటారు.)

రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం ఈ జాబితా రాష్ట్రానికొకటి. అందుకే లంబాడీలు తెలంగాణలో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు, మహారాష్ట్రలో రెండూ కారు. తెనాలిలో పుట్టిన ఒక ఎస్టీ విద్యార్థి బొంబాయి మెడికల్ కాలేజీ సీటు కోసం వేసిన కేసులో, వలస పోతే హోదా వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది.

చదువుకో ఉద్యోగానికో ఇష్టపడి వెళ్ళినవాడికి ఆ తీర్పు సరిపోతుందేమో. 2005 జూన్‌లో సల్వా జుడుం మొదలయ్యాక ఊళ్ళు తగలబడి ఇటు పారిపోయి వచ్చినవారి సంగతి వేరు. ఛత్తీస్‌గఢ్ జాబితాలో గోండు పద్దు కింద మురియా పేరుంది. ఇక్కడ వాళ్ళను గుత్తికోయలంటున్నారు, అక్కడి పత్రం ఇక్కడ చెల్లదంటున్నారు.

పద్దు బూటకమైతే రిజర్వేషన్లూ ఎత్తేయమనే హేతువాద మిత్రులున్నారు. నేనొప్పుకోను. పద్దు మనిషి కల్పించిందే, ఆ పద్దు కింద పడిన నష్టం మాత్రం కల్పన కాదు. నేనడిగేది ఒకటే: పద్దును మనిషి వెంట నడవనివ్వండి.

2006 అటవీ హక్కుల చట్టం చూడండి. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ సాగులో ఉండాలి, ఆ ప్రాంతంలో ఎస్టీగా ప్రకటించి ఉండాలి. ఎస్టీ కాకపోతే మూడు తరాలు, అంటే 75 ఏళ్ళ నివాసం చూపాలి. జుడుం మొదలైన ఆరు నెలలకు గడువు తేదీ. తర్వాత వచ్చినవాడికి ఎలాగూ హక్కు లేదు. ముందే వచ్చి పోడు కొట్టుకున్నవాణ్ణి మాత్రం, అతని తాత ఇక్కడే పుట్టాడని రుజువు తెమ్మంటున్నాం.