తీరిగ్గా స్నానం చేసే హక్కు



జపాన్ ప్రయాణం గురించి పోయిన భాగంలో రాసిన తర్వాత మనవాళ్లే కొందరు ఒక ప్రశ్న అడిగారు. ఉద్యమంలో ఉన్న మనిషి, అందులోనూ ఆడమనిషి, ఒక్కతే అంత దూరం పోయి వేడినీళ్ల కొలనులో కూర్చుని రావడం ఏమిటి? దానివల్ల పేటకి ఒరిగిందేమిటి? వెటకారానికి అడిగినవాళ్లకి జవాబు అక్కర్లేదు. కానీ నిజంగా తెలుసుకోవాలని అడిగినవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసం ఇది.

కాశీకో కేదారానికో సింగపూర్‌కో పోయొచ్చినవాళ్లని "దీనివల్ల మీ కులానికి ఏం లాభం" అని ఎవరూ అడగరు. వాళ్లు ఊరికే తిరగొచ్చు, ఊరికే కూర్చోవచ్చు. మనం మాత్రం ఎక్కడికి పోయినా పని మీదే పోవాలి. కూలికి, కోర్టుకి, ఆసుపత్రికి, ధర్నాకి. మన ఒళ్లు ఉన్నదే పని కోసం అన్న లెక్క మనువుది. ఆ లెక్కని మన నోటితో మన పిల్లలకి అప్పజెప్పడం నాకు ఇష్టం లేదు.

నేను పాఠం చెప్పేది తెలుగు సాహిత్యం కాబట్టి అక్కడి నుంచే చెప్తాను. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. పెద్ద పరివారం, పల్లకీ, మోసే బోయీలు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర మనకి గొప్ప పుస్తకం, కాదనను. కానీ ఆ బోయీలు కూడా అవే అడవులు, అవే నదులు దాటారు, అదీ భుజం మీద బరువుతో. వాళ్ల యాత్రాచరిత్ర మనకి లేదు. ఆ తర్వాత నూట పదేళ్లకి, 1941లో, జాషువా 'గబ్బిలం' వచ్చింది. అందులో కథానాయకుడు తన గోడు శివుడికి చెప్పుకోవాలి. తను గుళ్లోకి పోలేడు కాబట్టి గబ్బిలాన్ని పంపుతాడు. మనిషికి లేని దారి గబ్బిలానికి ఉంది. తెలుగు కావ్యంలో మన ప్రయాణం అలా మొదలైంది.

బాబాసాహెబ్ తన అనుభవాలతో రాసిన చిన్న పుస్తకం పేరే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. 1934లో ఆయన ముప్పై మంది సహచరులతో ఎల్లోరా చూడడానికి పోతూ దారిలో దౌలతాబాద్ కోట దగ్గర ఆగారు. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నారు. అక్కడి కొలను నీళ్లతో మొహాలూ కాళ్లూ కడుక్కున్నారు. అంతే, కొలను మైలపడిందని గోల. చివరికి ఎక్కడా నీళ్లు ముట్టుకోకూడదన్న షరతు మీద, వెంట ఒక కాపలా సిపాయిని పెట్టుకుని కోట చూశారు. అప్పటికే ఆయన రౌండ్ టేబుల్ సమావేశాల్లో కూర్చొని వచ్చిన మనిషి. అంత చదువు, అంత పేరు ఉన్నా మొహం కడుక్కునే నీళ్ల దగ్గర పనికి రాలేదు.

మన గోదావరి జిల్లాల్లో నీళ్లకి కొదవ లేదంటారు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలువలు వచ్చాయి, డెల్టా అన్నపూర్ణ అయింది. ఆ నీళ్లలో మన ఆడవాళ్లు నిలబడింది ఊడుపుల కోసం. పొద్దున్నించి సాయంత్రం దాకా మోకాలి లోతు బురదలో నిలబడినవాళ్లు ఇంటికొచ్చి ఎక్కడ స్నానం చేశారో ఎవరైనా రాశారా? తాటాకుల దడి. దడి లేకపోతే రెండు తడికలు, పైన ఒక పాత చీర. మగవాళ్లు లేవకముందు, చీకటితోనే, లంగా గుండెల దాకా కట్టుకుని, గాబులోంచి నాలుగు చెంబులు. చప్పుడు కాకూడదు, ఆలస్యం కాకూడదు. వేడినీళ్లు అంటే బాలింతకి, జ్వరం వచ్చినవాళ్లకి, పండగ తలంటుకి. ఒళ్లు నొప్పులకి వేడినీళ్లు కాచుకుంటే "రాణీగారు" అనే మాట వినాలి. నడుములు విరిగిపోయిన తరం అది. తీరిగ్గా ఒక్క స్నానం చేయని తరం కూడా అదే.

ఇప్పుడు బెప్పు సంగతి. జపాన్ దక్షిణాన క్యూషూ దీవిలో, సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. రెండు వేలకు పైగా వేడినీటి ఊటలు ఉన్నాయి. వీధుల్లోంచి, మురుగు జాలీల్లోంచి ఆవిరి లేస్తుంటుంది. పెద్ద హోటళ్లు ఉన్నాయి, నేను వాటి జోలికి పోలేదు. ఆ ఊళ్లో ఒక్కో వాడకి ఒక చిన్న స్నానశాల ఉంటుంది. చాలావాటిని ఆ వాడవాళ్లే నడుపుకుంటారు. బయటివాళ్లు కొద్దిగా డబ్బు ఇచ్చి పోవచ్చు. పురపాలక సంఘం నడిపే తాకెగవారా స్నానశాల 1879 నుంచి ఉంది.

పద్ధతి ఏమిటంటే, ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. ఆడవాళ్లకి వేరే గది, మగవాళ్లకి వేరే గది. ముందు చిన్న పీట మీద కూర్చుని సబ్బుతో శుభ్రంగా ఒళ్లు కడుక్కోవాలి. అది అయ్యాకే కొలనులో దిగాలి. తువ్వాలు కూడా నీళ్లలో ముంచకూడదు.

బట్టలు విప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. సిగ్గు ఒక్కటే కాదు. మన దేశంలో దళిత స్త్రీ ఒంటి మీద బట్ట తీయడం అంటే ఊరు వేసే శిక్ష. ఆ భయం చదువుతో పోదు, పీహెచ్‌డీతో పోదు. అక్కడ నా పక్కన ఇద్దరు ముసలమ్మలు మెడ దాకా నీళ్లలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను దిగితే కొంచెం జరిగి చోటిచ్చారు, మళ్లీ వాళ్ల కబుర్లలో పడ్డారు. అంతకంటే ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే నేను అంత దూరం పోయి చూసిన వింత. ఇంటిపేరు ఎవరూ అడగలేదు. అది అడిగింది తిరుగు రైల్లో కలిసిన ఒక తెలుగు కుటుంబం. "గోదావరి జిల్లానా? మీ ఇంటిపేరు ఏమిటమ్మా?" చెప్పాక మాటలు తగ్గిపోయాయి.

ఇక్కడ ఆగితే జపాన్ స్వర్గం అన్నట్టు అవుతుంది. కాదు. 1999లో ఉత్తరాన ఒతారు అనే ఊళ్లో ఒక స్నానశాల విదేశీయుల మొహం ఉన్నవాళ్లని లోపలికి రానివ్వలేదు. వాళ్లలో ఒకాయన జపాన్ పౌరసత్వం తీసుకుని మళ్లీ పోయినా గుమ్మంలోనే ఆపేశారు. కేసు వేస్తే 2002లో సప్పోరో కోర్టు ముగ్గురికీ తలా పది లక్షల యెన్లు పరిహారం ఇమ్మంది. 2003లో కుమమోటో ప్రాంతంలో ఒక వేడినీళ్ల హోటల్, కుష్టు నయమైపోయిన వృద్ధులకి గదులు ఇవ్వనంది. 2013లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక మావోరీ స్త్రీని, ఆమె మొహం మీద పచ్చబొట్టు ఉందని వెనక్కి పంపారు. ఆ పచ్చబొట్టు ఆమె జాతి సంప్రదాయం.

వీటన్నిటికంటే పాతది బురాకు ప్రజల కథ. తోలుపని, చచ్చిన పశువుల పని, శవాల పని చేసినవాళ్లని అంటరానివాళ్లని చేశారు. ఈ కథ మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. 1871లో ప్రభుత్వం ఆ హోదాని రద్దు చేసింది. వివక్ష రద్దు కాలేదు. చూడడానికి వాళ్లకీ మిగతా జపానీయులకీ తేడా లేదు, మాటలో తేడా లేదు, నీళ్లలో దిగితే అసలే లేదు. మరి ఎలా పట్టుకుంటారు? కుటుంబ రిజిస్టర్లు తీసి, పూర్వీకులు ఏ వాడవాళ్లో చూసి. బురాకు వాడల పేర్లు, చిరునామాలతో జాబితాలు అచ్చేసి కంపెనీలకి అమ్ముకున్న సంగతి 1975లో బయటపడింది. ఉద్యోగం ఇచ్చే ముందు, పిల్లని ఇచ్చే ముందు ఆ జాబితాలు చూసుకునేవాళ్లు. మన దగ్గర "ఏ ఊరు? ఊళ్లోనా, పేటలోనా?" అనే ప్రశ్న చేసే పనే అక్కడ జాబితా చేసింది. కులం ఒంట్లో లేదు, అడిగే నోట్లో ఉంది.

ఆ బురాకు ప్రజలు 1922 మార్చి 3న క్యోటోలో ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు సుయిహేయ్‌షా. ఆ పేరులో మొదటి అక్షరానికి అర్థం నీళ్లు, రెండోదానికి అర్థం చదును. నీటిమట్టంలా అందరూ ఒకే ఎత్తు అని. ఐదేళ్లు తిరిగాక, 1927 మార్చి 20న, మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువులో దిగి దోసిలితో నీళ్లు తాగారు. ఆ తర్వాత ఆ చెరువుని పంచగవ్యంతో శుద్ధి చేసుకున్నారు. హైకోర్టు తీర్పు మనవైపు రావడానికి 1937 దాకా పట్టింది. 1930లో నాసిక్‌లో కాలారామ్ సత్యాగ్రహం. నాసిక్‌ని తాకి వచ్చే నది ఏదో తెలుసుగా? రాజమండ్రి దాకా వచ్చే మన గోదావరే. 1985 జులైలో కారంచేడు. అది మొదలైంది కూడా మంచినీళ్ల చెరువు దగ్గరే. బిందెతో వచ్చిన మన అక్క సువార్తమ్మ, ఆ నీళ్లు పాడు చేయొద్దన్నందుకు. 2017లో పశ్చిమగోదావరి గరగపర్రు. ఊరి చెరువు దగ్గర మిగతా నాయకుల సరసన అంబేడ్కర్ విగ్రహం పెడితే తీసేశారు, అడిగితే పేటని వెలేశారు. చెరువు గట్టు మీద రాతి అంబేడ్కర్ నిలబడినా భరించలేకపోయారు.

అందుకే మన నీళ్ల పోరాటాన్ని తాగునీళ్ల దగ్గరే ఆపకూడదంటాను. దాహం తీర్చుకునే హక్కు బతకడానికి. ఒళ్లు నాననిచ్చే హక్కు మనిషిగా బతకడానికి. మొదటిది గెలిచాక రెండోది అడుగుదాం అంటే, నూరేళ్ల నుంచీ మొదటిదే గెలుస్తూ ఉన్నాం.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. మహద్‌కి నూరేళ్లు నిండేదీ ఆ ఏడే. రాజమండ్రిలో ఇప్పటి నుంచే ఘాట్ల లెక్కలు, కోట్ల లెక్కలు. 2015 జులై 14 ఉదయం పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో 27 మందికి పైగా చనిపోయారు. పెద్దవాళ్లకి ఒక ఘాట్, మామూలు జనానికి ఒక ఘాట్ అనే అలవాటు ఎంత ప్రమాదమో ఆలోచించడానికి పన్నెండేళ్ల టైం దొరికింది. జపాన్‌లో కూడా దోగో అనే ఊళ్లో చక్రవర్తి కుటుంబానికి 1899లో ప్రత్యేక స్నానాల గది కట్టారు. ఇప్పుడు అందులో ఎవరూ స్నానం చేయరు, టికెట్ కొనుక్కుని చూసి వస్తారు. మన వీఐపీ ఘాట్లు కూడా అలా చూసొచ్చే వస్తువులైపోవాలి.

ఇంకో తేడా ఉంది, అది నన్ను ఎక్కువ తొలిచింది. అక్కడ నీళ్లలో దిగే ముందు నీ మురికి నువ్వే కడుక్కోవాలి, పక్కవాడికి అంటకుండా. ఇక్కడ మురికితో దిగి, పాపాలు నదికి ఇచ్చి, బట్టలూ పూలూ కవర్లూ గట్టున వదిలి పుణ్యం పట్టుకుపోతారు. అవి ఎత్తేది ఎవరు? రెల్లి, మాదిగ, మాల కార్మికులు, ఎక్కువమంది ఆడవాళ్లు. పన్నెండు రోజులు ఊరి పుణ్యాన్ని చీపురుతో ఊడ్చినవాళ్లు డ్యూటీ దిగాక ఎక్కడ స్నానం చేస్తారు? ఏ పుష్కర ప్రణాళికలోనైనా ఆ లైను చూశారా?

కాబట్టి ఇవీ నా డిమాండ్లు. ప్రతి ఘాట్ దగ్గరా పారిశుద్ధ్య కార్మికులకి వేడినీళ్లతో స్నానాల గదులు, విశ్రాంతి గది, వంతుల వారీగా సెలవు. వీఐపీ ఘాట్ రద్దు. పుష్కర నిధుల్లోంచి గోదావరి జిల్లాల ప్రతి పేటలోనూ ఆడవాళ్లకి తలుపూ గడియా ఉన్న స్నానాల గదులు, పుష్కరాలు అయిపోయినా ఉండేలా. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. నేల వేడినీళ్లు ఇస్తున్నా, పొలంలో నడుము వంచిన మనిషికి అవి అందించాలన్న ఆలోచన ఏ ప్రభుత్వానికీ రాలేదు.

ఇక నన్ను చదివే అమ్మాయిలకి ఒక మాట. మీ మొదటి జీతంలో ఇంటికి ఇవ్వాల్సింది ఇవ్వండి. అమ్మకి నీళ్లు కాచుకునే గీజరు కొనండి. మిగిలినదాంట్లోంచి ఒక పాస్‌పోర్టు తీసుకోండి. ఎక్కడికి, ఎందుకు, ఎవరితో అని అడుగుతారు. చూడ్డానికి, ఊరికే, ఒక్కదాన్నే అని చెప్పండి. వచ్చాక రాయండి. పల్లకీ మోసినవాళ్ల మనవరాళ్లు రాసే యాత్రాచరిత్రలు నా క్లాసులో పాఠం చెప్పాలని ఉంది.

జై భీమ్.